బేస్‌బాల్ కార్డుల ఖరీదైన సెట్ కొనాలా? ముందు మజూరీ లెక్క తేల్చండి

న్యూజెర్సీలో ఒక హోటల్ హాల్లో జరిగే కార్డ్ షోకి మా వాడిని తీసుకెళ్లాను. ఒక బల్ల మీద రెండు పెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ టాప్స్ కంపెనీ 1987లో అచ్చేసిన బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మ కార్డుల సెట్లే. రెండింట్లోనూ 792 కార్డులే. అవే ఫొటోలు, అవే నంబర్లు, చుట్టూ అదే చెక్క రంగు అంచు. ఒకదాని మీద 25 డాలర్లని రాసుంది. రెండోదానికి అంతకు ఎన్నో రెట్లు.

"నాన్నా, రెండూ ఒకటే కదా, ఎందుకంత తేడా?" అన్నాడు మా వాడు.

బల్ల వెనక కూర్చున్న పెద్దాయన నవ్వి, రెండు పెట్టెల్లోంచీ చెరో కార్డు తీసి వాడి చేతిలో పెట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్లి చూడమన్నాడు. ముందువైపు చూస్తే ఒకటి మామూలు అట్ట, రెండోదాని మీద అద్దం పూసినట్టు మెరుపు. వెనక్కి తిప్పితే అసలు సంగతి తెలిసింది. మొదటిది బూడిద రంగు అట్ట, పాత నోటు పుస్తకం అట్టలా ఉంది. దాని మీద అక్షరాలు కాస్త మసగ్గా ఉన్నాయి. రెండోది తెల్లగా, శుభ్రంగా ఉంది, గణాంకాల్లో ప్రతి అంకె విడివిడిగా కనిపిస్తోంది. పట్టుచీర కొనేటప్పుడు మా అమ్మ ముందు అంచు తిప్పి వెనకవైపు చూసేది. కార్డుకీ అదే పద్ధతి.

ఆ మెరిసేదాన్ని టిఫనీ సెట్ అంటారు. 1984 నుంచి 1991 దాకా టాప్స్ కంపెనీ తన మామూలు సెట్‌నే మంచి తెల్ల అట్ట మీద, మెరుపు పూతతో, తక్కువ సంఖ్యలో అచ్చేసి కార్డుల దుకాణాల ద్వారా అమ్మింది. కార్డు మీద మాత్రం టిఫనీ అన్న మాట ఎక్కడా ఉండదు. చేత్తో పట్టుకుని చూసి తెలుసుకోవాల్సిందే.

మరి ఆ ఎక్కువ డబ్బు పెట్టొచ్చా? ఈ ప్రశ్న టిఫనీకే కాదు, ఇప్పుడొచ్చే క్రోమ్, హెరిటేజ్ అనే టాప్స్ సెట్లకీ, ఒక్కో పెట్టె వందల డాలర్లుండే ప్రీమియం సెట్లకీ వర్తిస్తుంది. నేను దీన్ని నగల దుకాణం లెక్కతో చూస్తాను. నగ ధరలో బంగారం ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడదీసి అడుగుతాం కదా. తిరిగి అమ్మేటప్పుడు బంగారానికి డబ్బొస్తుంది, మజూరీకి రాదు. కార్డుల సెట్‌లోనూ ఆ రెండూ ఉంటాయి. కాకపోతే ఇక్కడ బిల్లు మీద విడిగా రాయరు, మనమే విడదీసుకోవాలి.

మొదట: ఎవరి కోసం, ఎందుకు?

దీని మీద ఎక్కువ సేపు ఆలోచించక్కర్లేదు, ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకుంటే చాలు. "పిల్లాడు ఆల్బమ్ నింపుకోవడానికి" అని రాస్తే మామూలు సెట్ చాలు. "నాకు ఆ అట్ట, ఆ మెరుపు నచ్చాయి" అంటే ఖరీదైనది కొనడం తప్పేం కాదు. "నాలుగేళ్లాగి అమ్ముదామని" రాశారంటే మాత్రం కింద చెప్పబోయే లెక్కలన్నీ వేశాకే పర్సు తీయండి. ఈ మూడూ కలిపేసి "పిల్లాడికి సరదా, మనకి పెట్టుబడి" అనుకునేవాళ్లు మన వాళ్లలో చాలామంది. నేనూ అనుకున్నాను. పిల్లాడు కార్డుని ముట్టుకుంటే మీరు అరుస్తారు. సరదా పోతుంది, పెట్టుబడీ నిలవదు.

రెండోది: ఎక్కువ ధర దేనికి?

అసలు పని ఇక్కడే. ఎక్కువ తీసుకుంటున్న డబ్బు నాలుగింట్లో ఒకదానికి పోతుంది: సరుకు నాణ్యత, అరుదైనతనం, లాటరీ, లేదా ఉత్త పేరు.

సరుకు నాణ్యత అంటే టిఫనీలో చూసినట్టు అట్ట, పూత, అచ్చు. 1996లో మొదలైన టాప్స్ క్రోమ్ కూడా ఈ కోవలోదే. మామూలు సెట్‌లోని ఫొటోలే చాలావరకు లోహపు మెరుపుతో వస్తాయి. ఇందులో మోసం లేదు, కంటికి కనిపిస్తుంది. కానీ క్రోమ్ కార్డులకు ఒక జబ్బుంది. గాలిలో తేమ మారితే మెల్లగా వంకర తిరుగుతాయి. మా బేస్‌మెంట్‌లో ఒక వేసవి పెట్టిన కార్డులు అప్పడాల్లా వంగాయి.

అరుదైనతనం దగ్గర జాగ్రత్త కావాలి. "తక్కువ అచ్చేశారు" అన్న మాట అందరూ అంటారు, దానికి ఆధారం ఏదని అడగాలి. కొత్త కార్డుల్లో 25/99 అని కార్డు మీదే నంబరు ఉంటుంది, అంటే 99 కాపీల్లో 25వది. అది ఆధారం. పాత సెట్ల విషయంలో హాబీలో తరతరాలుగా చెప్పుకునే అంకెలే ఎక్కువ. 1986 టిఫనీ 5 వేల సెట్లని, 1987 టిఫనీ 30 వేల సెట్లని అంటుంటారు. వాటిని నోటి లెక్కగానే తీసుకోండి. అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా మీద ఒక కన్నుంచండి: టిఫనీ అన్న పేరు ఒకటే అయినా అన్ని ఏళ్లవీ సమానంగా అరుదు కావు.

అరుదైనతనం ఎలా పుడుతుందో తెలియాలంటే 1952 కథ వినాలి. ఆ ఏడాది టాప్స్ సెట్‌లో 407 కార్డులు. సీజన్ చివర్లో వచ్చిన ఎక్కువ నంబర్ల కార్డులు సరిగా అమ్ముడుపోలేదు. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉంటే, టాప్స్‌లో పనిచేసే సై బెర్గర్ 1960లో వాటిని పడవకెక్కించి, ఈ న్యూజెర్సీ తీరం దగ్గరే అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. అలా పోయినవాటిలో 311వ నంబరు మికీ మాంటిల్ కార్డు కూడా ఉంది. మిగిలినవాటిలో చాలా బాగున్న ఒకటి 2022లో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. ఎవరికీ అక్కర్లేక పారేశారు కాబట్టే మిగిలినదానికా ధర. దానికి సరిగ్గా తలకిందులుగా, 1980ల చివర్లో ప్రతి ఇంట్లోనూ "రేపు కాలేజీ ఫీజుకి పనికొస్తాయి" అని పెట్టెలకు పెట్టెలు దాచారు. కంపెనీలూ అందుకు తగ్గట్టే అచ్చేశాయి. ఇక్కడి వాళ్లు ఆ కాలాన్ని చెత్త కార్డుల కాలం అని పిలుచుకుంటారు. అందరూ దాచింది ఎవరికీ అరుదు కాదు. 1987 మామూలు సెట్ ఇప్పటికీ 25 డాలర్లకు దొరకడానికి కారణం అదే.

పేరుకి పోయే డబ్బుకి మంచి ఉదాహరణ అప్పర్ డెక్ అనే కంపెనీ తెచ్చిన 1989 సెట్. అప్పట్లో మిగతా కంపెనీల ప్యాక్‌కి రెట్టింపు ధర, దాదాపు డాలరు. కారణాలు లేకపోలేదు. మంచి తెల్ల అట్ట, నకిలీ కొట్టకుండా వెనక హోలోగ్రామ్, చింపి మళ్లీ అంటించడానికి వీల్లేని రేకు కవరు, ఒకటో నంబరు కార్డుగా కొత్త కుర్రాడు కెన్ గ్రిఫీ జూనియర్. ఆ రోజుకి అది న్యాయమైన ధరే. తర్వాత ఏమైంది? గ్రిఫీ మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌ గౌరవానికి వెళ్లాడు, ఆ కార్డు చరిత్రలో నిలిచిపోయింది. అయినా కార్డు ఎంత బాగుందో చూసి పదికి ఇన్నని గ్రేడ్ వేసే పీఎస్ఏ అనే సంస్థ పదికి పది ఇచ్చిన కాపీలే 4 వేలకు పైగా ఉన్నాయి. పదికి పది వచ్చినదానికి మంచి ధరే ఉంది, గ్రేడ్ కాస్త తగ్గిందంటే ధర జారిపోతుంది. సెట్‌లో మిగతా 799 కార్డులకు విలువ దాదాపు లేదు. ఆటగాడి మీద అంచనా తప్పలేదు, ఆటగాడు గెలిచాడు కూడా. అచ్చు సంఖ్య ముందు అది నిలవలేదు.

ఇక లాటరీ, అంటే మూసి ఉన్న ప్యాక్‌లో అరుదైన కార్డు పడుతుందేమోనన్న ఆశ. ఇప్పటి ఖరీదైన పెట్టెల్లో మజూరీ అంతా ఇక్కడే.

మూడోది: ప్యాక్ వెనక సన్న అక్షరాలు చదవండి

లాటరీ పెట్టెలో పది కార్డులకు 200 డాలర్లు పెట్టే ముందు, ప్యాక్ మీదున్న నిష్పత్తులు చూడండి. 1:24 అని ఉంటే ఆ రకం కార్డు సగటున 24 ప్యాక్‌లకు ఒకటి వస్తుందని అర్థం. 24 విడి ప్యాక్‌లు కొంటే తప్పకుండా వస్తుందని కాదు. లెక్క వేస్తే, అలా 24 కొన్న నూరుమందిలో 36 మందికి ఒక్కటీ రాదు. 1:1000 అయితే 20 ప్యాక్‌లు చించినవాడికి ఉన్న అవకాశం నూటికి రెండు.

"కానీ ఎవరికో వస్తుంది కదా" అంటారు. నిజమే, వస్తుంది. 2024 టాప్స్ క్రోమ్ అప్‌డేట్‌లో పాల్ స్కీన్స్ అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) తన మొదటి మ్యాచ్‌లో వేసుకున్న చొక్కా మీది చిన్న ముద్రని కోసి కార్డులో పెట్టారు. ప్రపంచంలో అదొక్కటే. లాస్ ఏంజెలెస్ వైపు ఒక 11 ఏళ్ల పిల్లాడికి క్రిస్మస్ కానుకగా వచ్చిన ప్యాక్‌లో అది దొరికింది. ఆ కార్డు ఇస్తే 30 ఏళ్ల సీజన్ టికెట్లు ఇస్తామని స్కీన్స్ ఆడే పిట్స్‌బర్గ్ జట్టు అడిగింది. పిల్లాడి ఇంటివాళ్లు ఇవ్వలేదు. 2025 మార్చిలో వేలంలో 11 లక్షల డాలర్లు దాటింది. ఈ కథ విన్న వారం మా వాడి స్నేహితులంతా తల్లిదండ్రుల ప్రాణం తీశారు. మన ఊళ్లో ఒకరికి లాటరీ తగిలితే వీధంతా టికెట్లు కొన్నట్టే.

సంతకాల కార్డులు, జెర్సీ ముక్కల కార్డులు ఇస్తామని పెట్టె మీద రాసుంటే ఇంకో మూడు సంగతులు చూడాలి. ఆటగాడు సంతకం కార్డు మీదే పెట్టాడా, లేక కంపెనీ పంపిన స్టిక్కర్ల మీద పెడితే దాన్ని అంటించారా? కార్డు మీద పెట్టినదానికే గిరాకీ. జెర్సీ ముక్క కార్డు వెనక చిన్న అక్షరాల్లో "ఈ ముక్క ఏ ప్రత్యేక ఆటకూ, సీజన్‌కూ చెందినది కాదు" అనే అర్థంలో రాసి ఉంటే, అది గుడ్డ ముక్కే అనుకోండి. మూడోది, అసలు కార్డుకి బదులు "తర్వాత పంపుతాం" అనే రిడెంప్షన్ చీటీ రావచ్చు, దానికి గడువు తేదీ ఉంటుంది. పాత పెట్టె కొంటే లోపలున్న చీటీ గడువు ఎప్పుడో దాటిపోయి ఉండొచ్చు.

మొత్తం సెట్ పూర్తి చేయాలని పెట్టెలు కొనడం ఇంకా దండగ. 2024 టాప్స్ సిరీస్ వన్‌లో 350 కార్డులు, కార్డుల దుకాణాల్లో దొరికే హాబీ పెట్టెలో 240. కార్డులు పూర్తిగా కలగాపులగంగా వస్తాయనుకుంటే 350 రకాలు పూర్తవడానికి సగటున 2,250 కార్డుల దాకా తెరవాలి. ఆఖరి ఒక్క కార్డు కోసమే సగటున 350 తెరవాలి. పెట్టెలో డూప్లికేట్లు తగ్గించేలా కంపెనీ సర్దుతుంది కాబట్టి నిజంగా అన్ని అక్కర్లేదు, కానీ ఒకటి రెండు పెట్టెలతో మాత్రం అవదు. అదే ఏడాది రెండు సిరీస్‌లూ కలిపి 700 కార్డులతో కంపెనీయే అమ్మే సెట్ మామూలుగా వంద డాలర్ల లోపే దొరుకుతుంది.

నాలుగోది: అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర

ఈబేలో ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. వెతికాక "సోల్డ్ ఐటమ్స్" అన్న గుర్తు పెట్టండి, అప్పుడు నిజంగా చేతులు మారిన ధరలు కనిపిస్తాయి. గత రెండు మూడు నెలల్లో అమ్ముడైనవి ఓ పది చూసి, అన్నిటికన్నా ఎక్కువది, అన్నిటికన్నా తక్కువది తీసేసి మధ్యవి పట్టుకోండి. పదిసార్లు అమ్ముడైన దాఖలా కూడా లేకపోతే అదీ ఒక సమాచారమే: రేపు మీరు అమ్మబోతే కొనేవాడు దొరకడం కష్టం.

చూసేటప్పుడు మాటలు జాగ్రత్తగా చదవండి. టాప్స్ హెరిటేజ్ ఏటా ఒక పాత డిజైన్‌ని మళ్లీ తెస్తుంది. 2024లో వచ్చినది 1975 నాటి డిజైన్. ఆ సెట్‌లో 500 కార్డులుంటే 401 నుంచి 500 దాకా తక్కువ అచ్చేస్తారు, డబ్బంతా ఆ నూరింటి దగ్గరే. "కంప్లీట్ బేస్ సెట్" అని చవగ్గా కనిపించినవి చాలావరకు 1 నుంచి 400 వరకే. అలాగే పానీనీ కంపెనీ బేస్‌బాల్ కార్డుల్లో జట్టు గుర్తులుండవు, ఎందుకంటే ఆ కంపెనీకి లీగ్ లైసెన్స్ లేదు. మెరుపు ఎంతున్నా టోపీ మీద బోసిగా ఉంటుంది. ధర తక్కువ కావడానికి అదొక ముఖ్య కారణం.

అయిదోది: తిరిగి అమ్మితే చేతికొచ్చేది

న్యూజెర్సీ లెక్క చెబుతాను, మీ రాష్ట్రం పన్ను మీరు వేసుకోండి. 100 డాలర్ల సెట్‌కి 6.625 శాతం పన్ను కలిపి 106.63 కట్టారు. రేపు అదే 100కి ఈబేలో అమ్మితే 13 శాతం పైగా వాళ్ల రుసుము పోయి చేతికి 87 లోపే వస్తుంది. పెట్టిన డబ్బు పెట్టినట్టు రావాలంటేనే ధర కనీసం 123 అవ్వాలి. పోస్టల్ ఖర్చు కొన్నవాడే పెట్టుకుంటాడనుకుని చెప్పిన మాట ఇది. లాభమే వచ్చి, ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే, సేకరణ వస్తువుల మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. షేర్ల మీద కన్నా ఎక్కువ.

గ్రేడింగ్‌కి పంపితే ధర పెరుగుతుందంటారు. పీఎస్ఏ దగ్గర ఒక్కో కార్డుకి 20 డాలర్ల పైనే అవుతుంది, రానూపోనూ పోస్టేజీ అదనం. పదికి పది వస్తేనే లాభం, తొమ్మిదొస్తే చాలా కార్డుల్లో ఆ ఖర్చే తిరిగి రాదు. 792 కార్డుల సెట్‌లో గ్రేడింగ్‌కి పంపదగ్గవి అయిదారుకి మించవు.

ఆరోది: ఇంటికొచ్చిన రోజే లెక్కపెట్టండి

ఇది నాకు డబ్బు పోయి తెలిసిన సంగతి. రెండేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 1989 అప్పర్ డెక్ పూర్తి సెట్ కొన్నాను. పెట్టె శుభ్రంగా ఉంది, టేపు వేసి ఉంది. పుట్టినరోజుకి ఇద్దామని బట్టల అల్మారాలో దాచాను. రెండు నెలల తర్వాత వాడు పెట్టె విప్పి, "నాన్నా, ఇది రెండో నంబరు నుంచి మొదలైంది" అన్నాడు. 799 కార్డులున్నాయి. గ్రిఫీ లేడు. వాపసు గడువు దాటిపోయింది. అమ్మినాయన మర్యాదగానే జవాబిచ్చాడు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. టేపు ఎవరు వేశారో అడగాలన్న బుద్ధి నాకు అప్పుడు లేదు.

అందుకని పెట్టె రాగానే ముందు ఖరీదైన నంబర్లు వెతకండి. 1987 సెట్ అయితే 170 బో జాక్సన్, 320 బ్యారీ బాండ్స్, 366 మార్క్ మెక్‌గ్వైర్. అవి ఉన్నాయో లేదో, మూలలు మొద్దుబారాయో లేదో చూడండి. టిఫనీ అని కొంటే ఈ మూడింటినీ తప్పకుండా వెనక్కి తిప్పండి. మెరుపు సెట్‌లోంచి మంచివి తీసేసి, వాటి చోట బూడిద అట్టవి పెట్టడం కష్టమైన పనేం కాదు. తర్వాత మొత్తం లెక్కపెట్టండి. తొమ్మిదేసి అరల పేజీలయితే 792 సరిగ్గా 88 పేజీలు, ఒక్క అర ఖాళీగా ఉన్నా కనిపిస్తుంది. 792 అన్న వింత అంకె ఎందుకంటే, టాప్స్ వాళ్లు పెద్ద షీటు మీద 132 కార్డులు అచ్చేసి కోసేవారు. ఆరు షీట్లు కలిస్తే 792. ఇది చెప్పాక మా వాడు పేజీలు తిప్పుతూ ఏ కార్డు ఏ షీటుదో కనిపెట్టాలని ఓ ఆదివారమంతా కూర్చున్నాడు. పాతిక డాలర్ల సెట్‌కి అంతకన్నా ఏం కావాలి?

సెట్‌కీ సెట్‌కీ మధ్య ఇంకో దారి

మామూలు సెట్ కొని, నచ్చిన ఒకటి రెండు కార్డుల్ని మాత్రం ఖరీదైన సెట్‌లోంచి విడిగా కొనుక్కోవడం. చాలామందికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. మన వాళ్లు ఈమధ్య కుమార్ రాకర్ కార్డు గురించి అడుగుతుంటారు. టెక్సస్ రేంజర్స్ పిచర్, తల్లివైపు భారతీయ మూలాలు. 2024 సెప్టెంబరులో మొదటి మ్యాచ్ ఆడాడు కాబట్టి అతని రూకీ (కొత్త ఆటగాడి) కార్డులు 2025లో వచ్చాయి. ఆ ఒక్క కుర్రాడి కార్డు కావాలంటే పెట్టె కొనక్కర్లేదు. మామూలు కార్డు విడిగా చవగ్గా దొరుకుతుంది, మెరుపుది కావాలంటే ఇంకాస్త పెట్టాలి.

ఆ రోజు షోలో మేం చేసిందీ అదే. మా వాడు 25 డాలర్ల పెట్టె తీసుకున్నాడు. తర్వాత బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండూ ఆడిన బో జాక్సన్ టిఫనీ కార్డు ఒక్కటి విడిగా ఇస్తారా అని పెద్దాయన్ని అడిగాడు. ఆ సెట్‌లోంచి తీయనన్నాడాయన. బల్ల కింద ఇంకో డబ్బాలో వెతికి, ఒక మూల కాస్త నలిగిందొకటి తీసిచ్చాడు. ఇంటికొచ్చాక వాడు రెండు జాక్సన్‌లనీ పక్కపక్క అరల్లో పెట్టాడు, బొమ్మ లోపలికి, వీపు బయటికి.